ఆపాను అడగనక్కర్లేదు

శుక్రవారం పొద్దున జడ్చర్లలో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉండగా మా మేనేజర్ ఫోన్ చేశారు. "ఆపా లేదమ్మా ఇగ. తెల్లారంగ పోయింది" అన్నారు. కిడ్నీల జబ్బుతో ఆమె కొన్ని నెలలుగా సెలవులో ఉన్నారు. అయినా మళ్లీ వస్తారనే అనుకుంటూ వచ్చాను.

మాది జడ్చర్ల దగ్గర మందులు తయారుచేసే కంపెనీ. కంప్యూటర్ విభాగంలో డేటాబేసులన్నీ ఆపా చేతిలో ఉండేవి. డేటాబేసు అంటే వివరాలను పద్ధతిగా దాచుకునే చోటు అనుకోండి. ల్యాబు వాళ్లు పరీక్షల ఫలితాలు ఎక్కించాలన్నా, స్టోర్సు వాళ్లు సరుకు వివరాలు పెట్టుకోవాలన్నా ముందు ఆమె ఆ చోటు తయారుచేసి ఇవ్వాలి. ఆపా అంటే ఉర్దూలో అక్క; వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అలాగే పిలిచేవారు. హుజూర్‌నగర్ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని, "తిన్నవా బేటా?" అని అడిగారు. పని సంగతి ఆ తర్వాతే. ఈ రోజు నాకు తెలిసిన పనిలో చాలాభాగం ఆ కుర్చీలో కూర్చునే నేర్చుకున్నాను.

ఒకసారి ఆమె జ్వరంతో దవాఖానాలో చేరారు. సెలైన్ ఎక్కుతుండగానే ఫోన్లు. "ఆపా, మా డేటాబేసు జర ఇప్పియ్యరాదూ" అని. ల్యాబులో పనిచేసే అక్క ఒకామె, కొత్త మందు ఫలితాలు ఎక్కించే చోటు లేక కాగితాల మీదే రాసుకుంటూ గడిపింది. తిరిగి వచ్చిన రోజు ఆపా నాతో అన్నారు: "నేను పడకేస్తే పని గూడ పడకేసింది బేటా. గిట్ల ఉండొద్దు."

మా సర్వర్లన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉంది. కావలసినవాళ్లే అందులోకి వెళ్లి, బటన్ నొక్కి డేటాబేసు తెచ్చుకునేలా ఒక పేజీ పెడదామన్నారు ఆపా. జాగా కేటాయించడం, పాస్‌వర్డు పెట్టడం, వివరాలు పోయినా మళ్లీ దొరికేలా నకలు తీసి దాచడం, ఇలా ఇన్నాళ్లూ ఆమె చేత్తో చేసినవన్నీ వరసగా కంప్యూటరే చేసుకుపోయేలా ఇద్దరం కూర్చుని రాశాం.

మేనేజర్‌కు ఇది నచ్చలేదు. "అందరి చేతికి తాళాలిస్తే ఎట్ల ఆపా? రేపు మనల్ని ఎవలు అడుగుతరు?" అన్నారు.

"అడగకుంట పనైతే మంచిదే గద సార్. ఎవలకు ఎంత జాగా ఇయ్యాల్నో హద్దులు నేనే పెడ్త" అన్నారు ఆపా నెమ్మదిగా.

నకలు తీయాలా వద్దా అన్నది వాడేవాళ్ల ఇష్టానికి వదిలేద్దామని నేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అన్నం పెట్టి, నీళ్లు గావాల్నా అని అడుగుతమా? పెడ్తం, గంతే." పేజీలోని ఇంగ్లీషు మాటల దగ్గర ల్యాబు అక్క తడబడటం చూసి, వాటి కింద తెలుగు రాయించారు: ఏం పేరు పెడతారు? ఎంత పెద్దది కావాలి? ఎన్నాళ్లు కావాలి?

మొదలుపెట్టిన రోజు ఆ అక్క చేతనే నొక్కించాం. డేటాబేసు తయారైంది కానీ పాస్‌వర్డు ఆమెకు చేరలేదు. మేనేజర్ వెనకాలే నిలబడి ఉన్నారు.

"నేను చేత్తో పంపిస్త ఆపా" అన్నాను గుసగుసగా.

"వద్దు. చేత్తో ఇస్తే ఇయ్యాలొక్క రోజు గడుస్తది. ఏడ ఆగిందో చూడు. నేనీడనే ఉంట" అంటూ అక్క పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను వెతుకుతున్నంతసేపూ వాళ్లిద్దరూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. మెయిల్ పంపే చోట చిరునామా తప్పుగా పడింది. సరిచేశాక అక్క మళ్లీ నొక్కింది. ఈసారి వచ్చింది.

"నేనే తెచ్చుకున్ననా?" అంది అక్క, నమ్మలేనట్టు.

"నువ్వే" అన్నారు ఆపా.

తర్వాత మా గది ముందు నిలబడేవాళ్లు తగ్గిపోయారు. ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ ఆమె అన్నారు: "నిజం చెప్పాల్నంటె మనసుకు ఎట్లనో ఉంది. పొద్దున లేస్తే ఎవలో ఒకలు ఆపా అనుకుంట వస్తుండె." తినడం అయ్యాక లేచి ల్యాబువైపు వెళ్లారు. అప్పటినుంచి మధ్యాహ్నం అక్కడ కూర్చుని, వివరాలను ఎలా పేర్చుకుంటే వెతకడం సులువో వాళ్లకు చెప్పడం అలవాటు చేసుకున్నారు.

జబ్బు ముదిరి సెలవు పెట్టాక ఒకసారి ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది.

"ఎవలన్న నన్ను అడుగుతున్రా?"

"పని కోసం ఎవ్వలు అడుగుతలేరు ఆపా. పానం ఎట్లుందని మాత్రం అందరు అడుగుతున్రు."

అటువైపు చాలాసేపు నవ్వు వినిపించింది. "గదే గావాలె బేటా" అన్నారు.

ఆ శుక్రవారం మేనేజరే మాకు కంపెనీ బస్సు ఏర్పాటుచేశారు. మా విభాగమంతా బయలుదేరాం. పని చూసుకోవడానికి వెనక ఎవరైనా ఒకరు ఉండాలి కదా అని ఆయన అనలేదు, మాకూ తోచలేదు. మహబూబ్‌నగర్‌లో వాళ్ల ఇంటి సందు ఇరుకు. మగవాళ్లు ఆపాను పడుకోబెట్టిన జనాజాను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగాం. ల్యాబు వాళ్లు తెల్లకోట్లు విప్పకుండానే వచ్చేశారు. గోడవారగా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. జనాజా సందు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. వాళ్లు చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు.