బుడగ బెదురుతాది!

కుళ్ళాయప్ప సారు జన్మలో ఎక్కువసార్లు పలికిన మాట "ఉష్!". అదసలు మాటే కాదని ఎవరైనా వాదిస్తే, వాళ్ళకూ అదే జవాబు.

కారణం హిందూపురం కాలేజీలో మెట్ల కింది గదిలో ఉంది. గాజు కూజాలో ఒక ద్రవం. మరిగే వేడి దాటినా మరగకుండా ఉగ్గబట్టుకుని ఉంటుంది. ఎక్కడినుంచో వచ్చిన కంటికానని కణం తగిలిందా, టప్పున ఒక్క బుడగ. గాజుకు అతికించిన సెన్సర్ ఆ చప్పుడు వింటుంది. ఆ కణం కోసం సారూ, ఆయన దగ్గర పరిశోధన చేసే నీలావతీ ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారు.

"ఉష్! బుడగ బెదురుతాది!" అని సారు ప్రిన్సిపాల్‌నీ వదల్లేదు. పెనుకొండ బస్టాండులో మైకును కూడా ఉష్ అన్నారు. మైకు మాత్రం వినలేదు.

ఒక పొద్దున ఈరక్క టీ కొట్టు గోలగోలగా ఉంది. సారు మరిగే పాలగిన్నె పక్కన చెవి పెట్టి "ఉష్!" అన్నారు. కొట్టంతా గప్‌చుప్. అప్పుడు వినబడింది సన్నని గొంతు: "అక్కా, నాకు చక్కెర వద్దు."

"ఇన్నాళ్ళూ చెప్పకుండా తాగినావేమ్మే?" అంది ఈరక్క.

"రోజూ చెప్తానే ఉండా," అంది నీలావతి.

ఆమెది ధర్మవరం. ఇంటినిండా మగ్గాల చప్పుడు. అరిచినా వినబడదని చిన్నప్పుడే అరవడం మానేసింది. ఆమె చేరిన కొత్తలో సారు ఒకసారి ఆ ఇంటికి భోజనానికి వెళ్ళి, మగ్గం మీదున్న ఆమె నాయన నాగేంద్రను కూడా "ఉష్!" అన్నారు.

"ఈడ యాడిది సామీ బుడగ?" అని నాగేంద్ర బిత్తరపోయి మగ్గం ఆపాడు.

"నాయనా, నేను బ్యాంకు పరీక్ష రాయలేదు. పరిశోధనలో చేరినా."

"ఎప్పుడే?"

"పోయినేడు. నీ మగ్గం పక్కనే నిలబడి చెప్పినా."

చివరికి నీలావతికి డాక్టరేటు పట్టా పరీక్ష రోజు వచ్చింది. బెంగళూరు నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. ఆ మధ్య కూజాలో ఒక బుడగ పుడితే, తోటి పరిశోధకుడు మురళి విశ్వరహస్యం దొరికిందని ఊరంతా చాటాడు. అది తప్పని నీలావతికి తెలుసు. ఇవాళ చెప్పలేకపోతే ఆమె పట్టా పోతుంది, సారు ప్రయోగం నవ్వులపాలవుతుంది.

"అది..." అంది. మురళి అందుకున్నాడు. పెద్దలిద్దరూ తమలో తాము వాదనకు దిగారు. "అది..." అంది మళ్ళీ. ఆమెకంటే ఫ్యానే గట్టిగా మాట్లాడుతోంది.

"ఉష్!"

అందరూ ఉలిక్కిపడ్డారు. "మీ కూజా కింది గదిలో ఉంది కదండీ?" అన్నారొక పెద్దాయన.

"ఐనా బెదురుతాది," అన్నారు సారు, నీలావతి వైపు చూసి.

గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది. "అది కొత్త కణం కాదండీ," అంది నీలావతి. "ఆ బుడగ మరీ గట్టిగా మోగింది. గాజుకంటిన దుమ్ములోంచి వచ్చే ఆల్ఫా కణం అట్లా మోగుతుంది. మేం వెతికేది మెల్లగా పలుకుతుంది."

పెద్దలు ఒకరినొకరు చూసుకుని సంతకాలు పెట్టేశారు.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది. "సార్, ఆ సెన్సర్ గాజులో చప్పుడే వింటుంది. మనం ఎంత అరిచినా దానికి పట్టదు. అతికించింది మీరే. మరి ఇన్నేళ్ళూ ఎవరికోసం ఉష్ అన్నారు?"

సారు వెనక్కి చూశారు. మురళి ఫోనులో ఎవరికో గట్టిగా చెప్పుకుంటూ దిగివస్తున్నాడు.

"ఉష్!" అన్నారు సారు. "ఈ సంగతి వానికి తెలిసిందంటే ఇంక నోరు మూయడమ్మా."