సిస్టరమ్మ ఎంచుకున్న స్పీకరు

మా ఎదురింటి సిస్టరమ్మ వరంగల్ దవాఖానలో ఉదయం కన్నుమూశారని ఆమె చెల్లెలు ఫోను చేసి చెప్పింది. ఆమె భర్తను తలచుకొని నేను అడిగింది ఒక్కటే.

"అన్నకు చెప్పిండ్రా?"

"చెప్పినం సారు. ఇన్నడో లేదో తెల్వదు."

సిస్టరమ్మ తన చివరి సంవత్సరాలను దేనికోసం వెచ్చించారో ఆ జవాబులోనే ఉంది. భర్తకు మనుషుల మాట వినిపించాలన్నది ఆమె పట్టుదల. అందుకు ఆమె ఎంచుకున్న సాధనం ఒక స్పీకరు. ఆమెను తలచుకొని రాయబోతే దాని గురించి కూడా రాయవలసి వస్తున్నది. పాఠకులు అన్యథా భావించవద్దు.

మహబూబాబాద్‌లోని మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. ప్రభుత్వ దవాఖానల్లో నర్సుగా పనిచేసి విరమించిన ఆమె అందరికీ సిస్టరమ్మే. నేను జనగామ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే రోజుల్లో పిల్లలకు టీకాలు వేయడానికి వచ్చేవారు. సూదిని చూసి ఏడుపు అందుకున్నవాడితో, "ఏడువు బిడ్డా, గట్టిగ ఏడువు. చెయ్యి మాత్రం కదిలియ్యకు" అనేవారు. ఏడవడాన్ని ఆమె ఎన్నడూ తప్పు పట్టలేదు. చాలా ఏళ్ల తరువాత, ఉద్యోగాలు ముగించుకొని, అనుకోకుండా ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లలో స్థిరపడ్డాము.

ఆమె భర్తను నేను అన్న అని పిలుస్తాను. భూపాలపల్లిలో బొగ్గు బాయి లోపల డ్రిల్లు మిషను పట్టి పనిచేసినవారు. ఆ రొద ఆయన చెవులను తినేసింది. ఉరుము వినిపిస్తుంది, లారీ హారను వినిపిస్తుంది. మనిషి మాట మాత్రం గొణుగుడుగా చేరుతుంది. "అచ్చులు అందుతయి సారు, హల్లులు జారిపోతయి" అని సిస్టరమ్మ నాకు అర్థమయ్యే భాషలో వివరించారు. హల్లులు లేని మాటను పోల్చుకోవడం ఎవరికి మాత్రం సాధ్యం?

చెవి మిషను కొన్నారు. గిన్నెల చప్పుడును, ఫ్యాను గాలిని, మనిషి మాటను అది ఒకే కొలతతో చెవిలో పోస్తున్నదని అన్న దాన్ని బీరువాలో పెట్టేశారు. ప్రార్థనా మందిరంలో పెద్ద స్పీకరు పెట్టెల మోతకు పాస్టరుగారి మాట ఒక్కటీ తెలియక ఆదివారాలు వెళ్లడం మానుకున్నారు. మొదట్లో మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. నలుగురూ నవ్వితే తానూ నవ్వేవారు, కొంచెం ఆలస్యంగా. తరువాత అరుగు మీదికి రావడమూ మానేశారు.

ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ మా ఇంటికి వచ్చి, డ్యూటీ మారేటప్పుడు తరువాతి నర్సుకు రోగిని అప్పగిస్తున్నంత నిబ్బరంగా అన్నారు:

"సారూ, చెవుడుతోని ఎవలు సావరు. ఎవలు మాట్లాడకపోతే మాత్రం మనిషి మెల్లగ ఎండిపోతడు. నా కిడ్నీల సంగతి నాకెర్కే. నేనే ముందు పోత. నేను పోయినంక ఈయనతోని ఎవలు మాట్లాడ్తరు?"

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపి, "రేపు జనగామ పోదాం, పేపరు పట్టుకొని రండ్రి. మీ గొంతుతోని పనున్నది" అన్నారు.

ఆమె అప్పటికే స్పీకర్ల గురించి పదిమందిని అడిగి, చదివి, తెలుసుకొని ఉన్నారు. మామూలుగా పెట్టెలో మందపు ధ్వనికి ఒక పెద్ద స్పీకరు, సన్నని ధ్వనికి ఒక చిన్న స్పీకరు వేరువేరుగా ఉంటాయి. ఫుల్ రేంజ్ అనేదానిలో రెండింటికీ ఒకే స్పీకరు. మాట ముక్కలు కాకుండా ఒకే చోటి నుండి వస్తుంది. నేల అదిరే మోత దానికి చేతకాదు. ఆ లోపం గురించి నేను అడిగితే, "మనింట్ల పెండ్లి బరాత్ తీస్తమా సారు? మాట ఇనవడ్తె సాలు" అన్నారు.

జనగామలో ఆమెకు పాత పరిచయమున్న సేటు ఒకాయనకు మైకుసెట్ల దుకాణం ఉంది. ముగ్గురం రైలులో వెళ్లాము. దుకాణంలో ఆమె మొదట చేసిన పని, అన్న కుర్చీని గోడ వైపు తిప్పి వేయడం. పెదవులను చూసి మాటను ఊహించడం ఆయనకు అలవాటైపోయిందట. పెదవులు కనిపిస్తే పరీక్ష పరీక్ష కాదన్నారు. స్పీకరును ఆయన ముందర పెట్టించి, నన్ను వెనుక గల్లాపెట్టె పక్కన నిలబెట్టి, చేతికి మైకు ఇప్పించారు.

మొదటి స్పీకరులో నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. ముప్పయ్యేళ్లకు పైగా తరగతి గదుల్లో సాన పట్టిన ఉచ్చారణకు అది తగిన స్పీకరని నాకు తోచింది. దాన్నే తీసుకొమ్మన్నాను. సేటు కూడా, "సారుకు బరాబర్ కుదిరింది" అన్నాడు. అన్న గోడను చూస్తూనే, "మంచిగున్నది" అన్నారు.

సిస్టరమ్మ ఆయన ముందుకు వెళ్లి, సారు ఏం చదివాడని సైగతో అడిగారు. ఆయన చెప్పలేకపోయారు.

ఇంకొకటి పెట్టారు. అది శుభ్రంగా పలికింది కానీ బలం లేదు. మరొకదానితోనూ పని జరగలేదు. ఇక మూలకు ఒకటి మిగిలింది. పెద్ద కాగితపు గిన్నె, దాని నడుమ ఇంకో చిన్న గిన్నె.

"గా స్పీకరు వద్దు సిస్టరమ్మ" అన్నాడు సేటు. "గొంతు చించుకుంటది. కొన్నోళ్లు వాపస్ తెచ్చిచ్చిండ్రు."

"వాపస్ తెచ్చినోళ్ల చెవులు మంచిగున్నయి గద. పెట్టు."

సేటు అన్నది అబద్ధం కాదు. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్లు ఉంది నా గొంతు. శ, ష, స అనే మూడూ మూడు రకాలుగా గుచ్చుకుంటున్నాయి. నేను వాక్యం మధ్యలో ఆగి, ఇది పనికిరాదన్నాను.

"మీరు ఆగకుండ్రి సారు. సదువుండ్రి."

చదివాను. మరమ్మతుల కారణంగా ఆ సాయంత్రం ప్యాసింజరు రైలు రద్దయిందన్న వార్త అది.

"మరి ఇంటికెట్ల పోతం?" అన్నారు గోడ వైపు కూర్చున్న అన్న. "బస్సుకే పోవాలె గద."

సిస్టరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని సేటు వైపు తిరిగారు. "గిదే కట్టు" అన్నారు.

నేను ఊరుకోలేక, "నా గొంతు మరీ అన్యాయంగా ఉన్నది కదమ్మా" అన్నాను.

"మీ గొంతు కోసం కొంటలేను సారు. మీ మాట కోసం కొంటున్న."

తరువాత ఆమె వివరించారు. హల్లుల సన్నని ధ్వనిని పెంచి ఇతరుల చెవిని పొడిచే ఎత్తు ఆ స్పీకరులో ఎక్కడ ఉన్నదో, బొగ్గు బాయి అన్న చెవిలో తవ్విన గుంత సరిగ్గా అక్కడే ఉన్నది. ఆ ఎత్తు వచ్చి ఈ గుంతను పూడ్చింది. మంచి స్పీకరు, చెడ్డ స్పీకరు అని విడిగా ఉండవని, వినే మనిషిని బట్టే ఉంటాయని ఆమె నమ్మకం. ఆ సాయంత్రం మేము నిజంగానే బస్సులో తిరిగి వచ్చాము. కాజీపేట దాటాక నాకు కునుకు పట్టి లేచేసరికి కూడా ఆ స్పీకరు పొట్లం అన్న ఒడిలోనే ఉంది.

వడ్రంగి చేత దానికి పెట్టె చేయించారు. అటువంటి స్పీకరు తన ఎదురుగా ఉన్నవారితోనే సూటిగా మాట్లాడుతుంది, పక్కన కూర్చున్నవారికి సగమే చేరుతుంది. అందుకని అన్న కూర్చునే కుర్చీకి ఎదురుగా, ఆయన చెవి ఎత్తుకు సరిపోయేలా బల్ల వేయించారు. మైకును పెట్టె వెనుక ఉంచారు. ముందుకు వస్తే కూత పెడుతుంది. ఇక ఆ ఇంటికి ఎవరు వచ్చినా పెట్టె వెనుక నిలబడి, మైకులో రెండు మాటలు చెప్పి పోవాలన్నది సిస్టరమ్మ పెట్టిన నియమం. పాలాయనకూ మినహాయింపు లేదు.

కూరగాయల అవ్వ మొదట ఒప్పుకోలేదు. "నాకు సిగ్గయితది బిడ్డా" అన్నది.

"సిగ్గెందుకవ్వా? నీ వంకాయలల్ల పుచ్చులున్నయని రోజు తిడ్తడు. జవాబియ్యి."

అవ్వ చటుక్కున మైకు అందుకున్నది. "పుచ్చులుంటే ఏరుకోవాలె నాయినా, తిట్టుడెందుకు? నీ లెక్క కూసొని తింటున్ననా నేను?"

అన్న కుర్చీలో ముందుకు వంగి నవ్వారు. ఈసారి ఆలస్యం లేదు.

సాయంత్రాలు నేను పేపరు చదివేవాణ్ణి. వంటింట్లో నుండి సిస్టరమ్మ నన్ను సరిదిద్దేవారు. "కామా కాడ గంతసేపు ఆగకుండ్రి సారు. వార్త అయిపోయిందనుకొని లేస్తుండు." విరామచిహ్నాల విషయంలో నన్ను ఎవరైనా సరిదిద్దడం నా జీవితంలో అదే మొదలు. ఆమె మాత్రం ఆ గదిలో ఎక్కువసేపు కూర్చునేవారు కాదు. ఆ స్పీకరు పదును ఆమె చెవులకు పడేది కాదు. తలుపు సగం మూసుకొని, వంటింట్లో బియ్యం ఏరుకుంటూ, లోపల ఎవరో ఒకరు మాట్లాడుతున్నారన్న నిమ్మళంతో ఉండేవారు.

ఈ సంగతి తెలిసి ఇరుగుపొరుగువారు స్పీకర్లు కొనేముందు ఆమె సలహా అడిగేవారు. ఆమె ధర అడిగేవారు కాదు, కంపెనీ అడిగేవారు కాదు. ఓ.పి.లో రోగిని అడిగినట్లు అడిగేవారు: "ఎవలు ఇంటరు? ఎంత దూరంల కూసుంటరు? పాటనా, మాటనా?" జవాబు తెలియనివాణ్ణి, "ముందు పోయి ఇంట్ల అడుగుపో" అని పంపించేవారు.

ఆరోగ్యం క్షీణించాక ఒకనాడు నేను, ఆమె గొంతును రికార్డు చేసి పెడితే అన్నకు తోడుగా ఉంటుందని సూచించాను. ఆమె కొంచెం చిరాకు పడ్డారు.

"నా గొంతు ఆయనకు యాదికే ఉంటది సారు. పోయినోళ్ల మాట ఎన్నిసార్లని ఇంటడు? ఉన్నోళ్లు మాట్లాడాలె."

ఆమెను సమాధి చేసిన రోజున ఇల్లంతా జనం. నాకు ఇంకేదీ కనిపించలేదు. తరువాత ఇంటివారి ఓదార్పు కోసం జరిపే ప్రార్థన, ఆదరణ కూడిక నాడు కొంచెం ముందుగా వెళ్లాను. అన్న అదే కుర్చీలో ఉన్నారు. ఎదుట బల్ల ఖాళీగా ఉంది. భూపాలపల్లి నుండి, ఘనపూర్ నుండి వచ్చిన బంధువులు ఒక్కొక్కరే ఆయన చేతులు పట్టుకొని ఏవో చెబుతున్నారు, కళ్లు తుడుచుకొని పక్కకు జరుగుతున్నారు. ఆయన అందరి పెదవుల వైపు చూస్తూ తల ఊపుతున్నారు. ఏడుస్తూ మాట్లాడే మనిషి పెదవులను ఎవరు చదవగలరు?

పెట్టె బీరువా మీద ఉంది. దాని మీద తెల్లని దుప్పటి కప్పి ఉంది.

అన్నకు పెద్దన్న వరుసయ్యే ఆయనను అడిగాను.

"నేనే తీపిచ్చిన సారు" అన్నాడాయన. "చావింట్ల పాటల పెట్టె ఏంది? మంది ఏమనుకుంటరు?"

ఆయన ఉద్దేశంలో దోషం లేదు. మరణం జరిగిన ఇంట్లో రేడియో పెట్టరు, టీవీ పెట్టరు. పోయిన మనిషికి మర్యాద చేయాలనే తీయించాడు. నేను జవాబు చెప్పేలోగా సిస్టరమ్మ చెల్లెలు కుర్చీ ఎక్కి దుప్పటి లాగేసింది.

"పాటలకు కాదు పెద్దబావా అది" అన్నది. "బావకు గా పెట్టెల్నుంచే మాట ఇనవడ్తది. అక్క ఎట్ల పోయిందో ఇప్పటిదాంక ఆయనకు ఎవ్వలు చెప్పలే."

ఇద్దరం కలిసి పెట్టెను దించి బల్ల మీద పెట్టాము. తీగలు కలిపాము. ఆమె పెట్టె వెనుక నిలబడి మైకు పట్టుకున్నది. పెట్టెలో నుండి శ్వాస మాత్రమే వచ్చింది. అన్న తలెత్తారు.

"చెప్పు బిడ్డా" అన్నారు.

"పొద్దుగాల చాయ్ అడిగింది బావా. పోయిచ్చిన. రెండు గుక్కలు తాగి, చక్కెర ఎక్కువైందన్నది. పండుకుంట అన్నది. గంతే. నొప్పి పడలే."

"చక్కెర ఎక్కువైందన్నదా?"

"అన్నది."

అన్న పెట్టె వైపే చూస్తూ, "నువ్వెప్పుడు ఎక్కువనే ఏస్తవు" అన్నారు. చెల్లెలు ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు ఆ పెద్దన్న లేచాడు. మైకు పట్టుకోవడం తెలియక దాన్ని నోటికి ఆనించి, మరీ దగ్గరైందని చెల్లెలు జరిపితే జరిగి, చిన్న గొంతుతో మొదలుపెట్టాడు: తన బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు భూపాలపల్లిలో సిస్టరమ్మ ఎట్లా తెల్లారేదాకా కూర్చున్నదో. ఆయన వెనుక కూరగాయల అవ్వ వచ్చి నిలబడింది. ఆమె వెనుక పాలాయన. వాకిట్లో ఉన్నవారు ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గోడ వెంట వరుసగా నిలబడసాగారు. పాస్టరుగారు తన పుస్తకం మూసి వరుస చివర నిలుచున్నారు.

అన్న ఎవరి ముఖాన్నీ చూడడం లేదు. కళ్లు మూసుకొని, పెట్టె వైపు వంగి కూర్చున్నారు. మధ్యమధ్య కుడిచెయ్యి కొద్దిగా పైకి లేస్తున్నది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా మైకు దగ్గర ఉన్నవారు ఆగి, అదే మాటను మళ్లీ మొదటి నుండి, నిదానంగా చెబుతున్నారు.