నాలుగో డిస్కు

గుడివాడ బస్టాండు ఎదురు సందులో నాకొక నెట్ సెంటరు ఉండేది. ఇప్పుడది సెల్‌ఫోన్ కవర్లు అమ్మే షాపు. అదీ నాదే. నెట్ సెంటరు నడిపిన పదకొండేళ్ళలో నేను లెక్కలేనన్నిసార్లు చెప్పిన అబద్ధం ఒకటుంది: "మీ డ్రైవ్ లెన్స్ పోయిందండి." మేం రాసిచ్చిన డిస్కు ఇంట్లో ఆడలేదని ఎవరొచ్చి అడిగినా అదే మాట. మా లైన్లో అందరూ అనేవాళ్ళు. డిస్కుని చదివే ఆ లెన్స్ డ్రైవ్ లోపల ఎక్కడో ఉంటుంది, వచ్చినవాళ్ళకి కనపడదు, కాబట్టి కాదనేవాళ్ళూ లేరు. దానివల్ల ఎవరి కొంపా మునగలేదని నాకు గట్టి నమ్మకం. పోతురాజు గారి భార్య ఫోన్ చేసేదాకా ఆ నమ్మకంతోనే హాయిగా నిద్రపోయాను.

పోతురాజు గారు ఆర్టీసీ డ్రైవరు. గుడివాడ డిపోలో ఇరవై ఏడేళ్ళు చేశారు, అందులో సగం అవనిగడ్డ రూటు మీదే. ఒక్క యాక్సిడెంటు లేదు. ఆ సంగతి ఆయన చెప్పుకునేవారు కాదు, కండక్టర్లు చెప్పేవాళ్ళు. పామర్రు దాటాక రోడ్డు మీద వడ్లు ఆరబోసినవాళ్ళని కూడా తిట్టకుండా పక్కనుంచి పోనిచ్చే డ్రైవరు ఆయనొక్కడేనట. యాభై అయిదో ఏట పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సగం సగం తిరిగొచ్చాయి. డిపో వాళ్ళు అన్‌ఫిట్ అని రాసి పంపేశారు. కోడూరు దగ్గర సొంతూరికి వెళ్ళిపోయారు, ఆయనా, భార్య వెంకాయమ్మ గారూ.

అల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం. మావగారు ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తున్నారని కూతురు ఏడిస్తే, ఒక పాత కంప్యూటరు పంపించాడు, బస్సు నడిపే ఆట ఒకటి ఆన్‌లైన్లో కొన్నాడు. ఆ ఆట ఇరవై నాలుగు జీబీ. వాళ్ళూళ్ళో అప్పట్లో నెట్ అంటే చేపల వల మాత్రమే. అందుకని మా షాపులో డౌన్‌లోడ్ చేసి, డీవీడీల మీదికి బ్యాకప్ తీసివ్వమని నాకు ఫోన్ చేశాడు. దించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆటని ఆరు ముక్కలు చేసి ఆరు డిస్కుల మీద రాయాలి. ఎక్కించేటప్పుడు ఒకటో డిస్కు నుంచి ఆరో డిస్కు దాకా వరసగా పెట్టాలి. ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా మిగతా అయిదూ ఉండీ ఉపయోగం లేదు.

పోతురాజు గారు స్వయంగా వచ్చారు. దసరాకి రెండు రోజుల ముందు. బెంచీ మీద కర్ర ఆనించి కూర్చుని, డిస్కు రాస్తున్నంతసేపూ స్క్రీన్ మీద గీత ఎంత జరిగిందో చూస్తూ ఉన్నారు.

"ఎలీషా, ఇందులో గేర్లు ఉంటయ్యా, ఆటోమేటిక్కా?" అని అడిగారు.

"రెండూ ఉంటాయండి. మీకేది కావాలంటే అది పెట్టుకోవచ్చు."

"గేర్లే పెట్టు. కుడి చెయ్యి బానే ఉందిగా."

డిస్కు రాశాక సరిగ్గా పడిందో లేదో మెషీనే ఒకసారి చదివి చూసుకుంటుంది. దాన్ని వెరిఫై అంటారు. రాయడానికి ఎంతసేపో దానికీ అంతసేపు. మొదటి మూడూ బాగానే వచ్చాయి. నాలుగోది సగం దాటాక తప్పుందని చూపించింది. మళ్ళీ రాయాలంటే ఇంకో అరగంట. పైగా ఆ కట్టలో మిగిలినవి సరిగ్గా రెండే డిస్కులు, అవి అయిదుకీ ఆరుకీ కావాలి. కొత్త కట్ట కోసం బజారు చివరికి వెళ్ళాలి. షాపు నిండా గుడ్లవల్లేరు కాలేజీ పిల్లలు, ప్రింటవుట్లంటూ అరుస్తున్నారు. పోతురాజు గారు గడియారం చూసి, కోడూరు బస్సుకి టైమవుతోందన్నారు.

కొన్ని డ్రైవ్‌లు అలాంటి డిస్కుని కూడా చదివేస్తాయి. చదివేస్తుందిలే అనుకున్నాను. మార్కర్‌తో దాని మీద 4 అని రాసి కవర్లో పెట్టాను. ఆయన ఆరింటినీ తువ్వాలులో చుట్టుకుని, బిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని వెళ్ళారు. ఆ పూటే, దించిన ఆట మొత్తం నా మెషీన్లోంచి తీసేశాను. నా హార్డ్ డిస్కులో చోటు లేదు.

అయిదు రోజుల తర్వాత ఫోనొచ్చింది. విజయదశమి మంచిరోజని ఆరోజే మొదలుపెట్టారట. మూడు ఎక్కాయి, నాలుగోది పెట్టగానే ఆగిపోయింది. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"మీ డ్రైవ్ లెన్స్ చూసుకోవాలండి. ఓసారి సీపీయూ పట్టుకురండి."

పట్టుకొచ్చారు. సగం పనిచేసే చెయ్యీ సగం పనిచేసే కాలూ ఉన్న మనిషి, ఆ ఇనపపెట్టెని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చారు. డిస్కులు మాత్రం తేలేదు. తెచ్చుంటే నా కథ అక్కడే తేలిపోయేది.

దుప్పటి విప్పి చూస్తే పెట్టె ముందుభాగంలో పసుపు, మూడుచోట్ల కుంకుమబొట్లు. డ్రైవ్ ట్రే తెరిస్తే అంచున చిటికెడు కుంకుమ రాలి ఉంది. ఆయుధపూజ చేశారు. డిపోలో ఏటా దసరాకి డ్రైవర్లు బస్సులు కడిగి దండలు వేస్తారు. వెంకాయమ్మ గారు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ రోజు డిపోకి వచ్చి భర్త నడిపే బండికి తన చేత్తో బొట్టు పెట్టేవారట. ఇప్పుడు ఆయన బండి ఇదే కదా అని దీనికి పెట్టారు.

నాకు దారి దొరికింది.

"కుంకుమ లోపలికి పోయిందండి. లెన్స్ మీద పడింది."

దూది తీసి, లెన్స్ తుడుస్తున్నట్టు నటించాను. లెన్స్ మీద ఏమీ లేదు. తర్వాత నా దగ్గరున్న డిస్కు ఒకటి పెట్టాను. చక్కగా ఆడింది. "చూశారా, తుడవగానే ఎలా ఆడుతోందో. మళ్ళీ ఆగితే మాత్రం కుంకుమ బాగా లోపలికి దిగిందని అర్థం" అన్నాను. అంత ముందుచూపు నాకు చదువులో ఉంటే ఎక్కడో ఉండేవాణ్ణి.

ఆయన బొట్లకేసి చూసి, "మా ఆవిడ పెట్టింది" అన్నారు. దుప్పటి మళ్ళీ చుట్టుకుని వెళ్ళారు.

నేను చర్చికి వెళ్ళే మనిషిని. మా నాన్న ఏలీయా మా చర్చి సంఘంలో పెద్ద. ఆ కుంకుమ బదులు, మా సంఘం వాళ్ళింట్లో ఎవరో పెట్టె మీద ప్రార్థన చేసి నూనె రాసుంటే, ఆ నూనె మీద నింద వెయ్యడానికి నాకు నోరొచ్చేదా? రాదు. దుమ్మనో వోల్టేజీ అనో ఇంకేదో చెప్పేవాణ్ణి. పరాయివాళ్ళ పూజ కాబట్టి అంత సులువుగా వచ్చింది. ఇది నాకు అప్పుడు తట్టలేదు. తట్టినప్పట్నుంచి నామీద నాకు అసహ్యంగా ఉంది.

ఆ తర్వాత పోతురాజు గారు ఫోన్ చెయ్యలేదు. ఆట ఆడుతోందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం ఆయన నెంబరు నుంచి ఫోనొస్తే ఎత్తాను. ఆడగొంతు. చాలా మెల్లగా మాట్లాడుతోంది.

"బాబూ, నేను పోతురాజు గారి భార్యని. ఆయన చెరువుగట్టుకెళ్ళారు, అందుకని చేస్తన్నా. ఆ కుంకుమ తియ్యటానికి మందేదన్నా ఉందా బాబూ?"

"ఇంకా ఆడట్లేదా అమ్మా?"

"ఆడలా. మీ దగ్గర్నుంచి వచ్చిన పూటే మళ్ళీ పెట్టారు, అక్కడే ఆగింది. అప్పుడు ఒక మాటన్నారు బాబూ. నీ చేతి బొట్టు పడ్డ బండి ఒక్కటీ నాకు మిగల్లా అన్నారు. ఆ బస్సూ అట్టాగే పోయింది, ఇదీ పోయింది అన్నారు. ముప్పయ్యేళ్ళల్లో నన్నొక్క మాట అనని మనిషి." అవతల ముక్కు చీదిన చప్పుడైంది. "నిజమేనేమో అనిపిస్తంది. ఆయనకి పక్షవాతం వచ్చింది కూడా దసరాకి నేను బొట్టు పెట్టిన నెలలోనే."

చూస్తానమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక షాపులో ఎవరేం అడిగారో, నేనేం ఇచ్చానో గుర్తులేదు.

ఇంటికెళ్ళి నా భార్య హెప్సిబాకి చెప్పాను. మొత్తం విని, "దేవుడి దగ్గర ఒప్పుకున్నావా?" అంది. ఒప్పుకున్నానన్నాను. "దేవుడికి ముందే తెలుసు. తెలియనిది ఆవిడకి. వెళ్ళి ఆవిడకి చెప్పు" అంది.

అల్లుణ్ణి అడిగి ఆటని మళ్ళీ దించాను. మళ్ళీ నాలుగు రోజులు. మంచి కంపెనీ డిస్కులు కొని, ఆరింటినీ రాసి, ఒక్కోటీ రెండుసార్లు వెరిఫై చేశాను. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకున్నాను. చల్లపల్లి దాటేసరికి ఇంకో ఆలోచన వచ్చింది: ఆట ఎక్కితే చాలు కదా, ఇప్పుడు అదంతా తవ్వడమెందుకు అని. నా బుద్ధి అలాంటిది, దాచుకుని లాభం లేదు.

కంప్యూటరు ముందుగదిలో దుప్పటి కప్పుకుని ఉంది. పోతురాజు గారు పెద్దగా పలకరించలేదు. ఒకటి, రెండు, మూడు ఎక్కాయి. నాలుగోది పెట్టినప్పుడు ఆయన కర్ర మీద చెయ్యి బిగించడం చూశాను. ఎక్కింది. అయిదు, ఆరు. ఆట తెరుచుకుంది. బస్సు స్టార్టయిన చప్పుడు వినగానే ఆయన వెన్ను నిటారుగా అయింది. కుడిచేత్తో గేరు మార్చి, మెల్లగా బండిని స్టాండులోంచి బయటికి తీశారు. రెండు నెలల కోపం ఆ మొహంలోంచి ఎటు పోయిందో తెలియదు.

వెంకాయమ్మ గారు గుమ్మం అవతలే నిలబడి చూస్తున్నారు.

"లోపలికి రండమ్మా, చూడండి" అన్నాను.

"వద్దులే బాబూ. ఇక్కడికి వినపడతంది. ఇక దాని జోలికి నేను రాను."

బస్సులో వచ్చిన ఆలోచన అక్కడితో చచ్చింది.

"అమ్మా, కుంకుమ వల్ల చెడిపోలేదు. నేనిచ్చిన నాలుగో డిస్కే చెడ్డది. ఇచ్చేటప్పుడే నాకు తెలుసు. మళ్ళీ రాయడానికి బద్ధకించి ఇచ్చాను. ఈయన సీపీయూ తెచ్చిన రోజు ఒప్పుకోవడానికి భయపడి మీ బొట్టు మీద పెట్టాను. లెన్స్ మీద కుంకుమే లేదు."

పోతురాజు గారు బండి ఆపారు. స్క్రీన్ మీద ఇంజను చప్పుడు మాత్రం వస్తోంది.

"నేను దుప్పట్లో చుట్టి తెచ్చినప్పుడు కూడా తెలుసా నీకు?" అన్నారు.

"తెలుసండి."

తిడతారనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన నా వైపు చూడనేలేదు. కర్ర పట్టుకుని లేచి, దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తీసి భార్య ముందు పెట్టారు.

"విన్నావుగా. వచ్చి బొట్టు పెట్టు."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దండీ. ఇప్పుడే బాగయింది."

"ఆ అబ్బాయే చెప్తన్నాడుగా, నీది తప్పు కాదని."

"ఆ బాబు మంచోడండీ. ఫోన్లో నేనేడ్చానని జాలిపడి తన మీద ఏసుకుంటన్నాడు. మీకు తెలవదు."

ఆయనే ఎడమచేత్తో భరిణె పట్టుకుని, కుడిచేతి వేలితో కుంకుమ తీసి కంప్యూటరు వైపు వంగారు. అప్పుడొచ్చింది ఆవిడ లోపలికి. ఆయన మణికట్టు రెండు చేతులా పట్టుకుని ఆపేసింది. "నా మాటినండి. మీ బండి మీకుండనివ్వండి." ఆయన అలాగే నిలబడి, ఆ వేలు పంచెకి తుడుచుకున్నారు. నేనింకో రెండుసార్లు చెప్పాను. ఎలా రాసిందీ, ఎక్కడ తప్పు చూపించిందీ వివరించాను. నేను వివరించేకొద్దీ ఆవిడ కళ్ళల్లో నామీద దయ పెరిగింది.

ఆవిడ నన్ను బస్సు దాకా సాగనంపింది. ఒక గెల అరటిపళ్ళు నా చేతికిచ్చి, "నేను చెడగొట్టినదాన్ని ఇంత దూరమొచ్చి బాగుచేశావు బాబూ. మీ అమ్మ అదృష్టవంతురాలు" అంది.

"నేనే చెడగొట్టానమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వి, బస్సొస్తంది ఎక్కమంది.