బెల్టు మీద విమానం

కన్వేయర్ బెల్టు మీద విమానం ఎగురుతుందా లేదా అని నేనెప్పుడూ బుర్ర పాడుచేసుకోలేదు. ఆ ప్రశ్నను అడ్డం పెట్టి ఒక మనిషిని నా ఎదుటే పై పోస్టుకు రాకుండా ఆపేశారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

కువైట్‌లోని షుఐబాలో ఎరువుల బస్తాలు నింపే షెడ్డు మాది. ఊళ్లో చాలా ఏళ్లు దినపత్రిక డెస్కులో పనిచేసి వచ్చాను. ఇక్కడ టైమాఫీసులో రాతపని చూస్తాను. బస్తాలను లారీ దాకా చేర్చే బెల్టుకు ఆపరేటర్ పోస్టు ఖాళీ అయింది. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక హెల్పర్ తొమ్మిదేళ్లుగా ఆ బెల్టు పక్కనే ఉన్నాడు. శబ్దం విని ఏ రోలర్ అరిగిందో చెప్పేవాడు. బస్తాలు ఎత్తీ ఎత్తీ నడుము చెడింది. ఆపరేటరైతే మీటల ముందు నిలబడితే చాలు. ఆ పోస్టు రాకపోతే ఆ నడుముతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాడో తెలియదు.

ఇంటర్వ్యూ చేసింది మా సూపర్‌వైజర్, అమలాపురం దగ్గరివాడు, డిప్లొమా చదివాడు. అడిగిందీ చెప్పిందీ రాసుకోవడం నా పని. యంత్రం గురించి అడిగినవాటికి హెల్పర్ ఒక్కటీ తప్పు చెప్పలేదు. అప్పుడు సూపర్‌వైజర్ ఆ వారమంతా చూస్తున్న ఫోన్ వీడియో గుర్తొచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇది చెప్పవయ్యా. రన్‌వే అంత బెల్టు, దాని మీద విమానం. అది ఎంత స్పీడుగా ముందుకెళ్తే బెల్టు అంతే స్పీడుగా వెనక్కెళ్లిపోద్ది. ఎగురుద్దా, ఎగరదా?”

“ఎగురుతాది సార్,” అన్నాడు హెల్పర్.

“ఎగురుద్దంట! జిమ్ములో బెల్టు మీద పరిగెత్తేవాడు మహబూలా నుంచి అబ్బాసియా చేరిపోతాడేంటి?”

“మనిషి కాళ్లతో బెల్టును తంతాడు గదా సార్. విమానం యాడ తంతాది? దాని ఇంజన్లు గాలిని ఎనక్కి తోస్తాయి. చక్రాలు ఊరికే తిరుగుతాంటాయి, మన టూల్స్ ట్రాలీ మాదిరి.”

ఆ ట్రాలీ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. మరమ్మతు అయ్యాక బెల్టును ఖాళీగా తిప్పి చూస్తారు. అప్పుడు పనిముట్ల ట్రాలీని కిందికి దింపే ఓపిక లేక, బెల్టు మీదే వదిలి దాని తాడు పక్క స్తంభానికి కడతారు. కింద బెల్టు పరుగెడుతుంది, చక్రాలు గిరగిరా తిరుగుతాయి, ట్రాలీ కదలదు. తాడు పట్టి కాస్త లాగితే బెల్టుకు ఎదురుగా ముందుకొచ్చేస్తుంది. చేయకూడని పనే. కానీ ఆ లాగుడుకు ఎంత తక్కువ బలం కావాలో అతని చేతికి తెలుసు.

“తాడు కట్టిన ట్రాలీకీ విమానానికీ పోలికేంటయ్యా! ఖలాస్, వెళ్లు.” నా వైపు తిరిగాడు. “రాయండి గురువుగారూ, బేసిక్ నాలెడ్జ్ లేదు.”

“అతను చెప్పింది రాశానండి. మీ అభిప్రాయం మీరు రాసుకోండి.”

రాసుకున్నాడు. నిజం చెప్పాలి, ఆ క్షణంలో నేనూ విమానం ఎగరదనే అనుకున్నాను. అందుకే అంతకు మించి నోరెత్తలేదు.

మరుసటి వారం బెల్టు తిప్పి చూసే రోజు వచ్చింది. ట్రాలీ తాడు సూపర్‌వైజర్ చేతికే ఇచ్చాను. రెండు వేళ్లతో లాగాడు, వచ్చేసింది. బెల్టు వేగం పెంచమన్నాడు. మళ్లీ లాగాడు, అంతే తేలిగ్గా మళ్లీ వచ్చింది. ఇక్కడ తాడు చేసే పనే విమానానికి ఇంజన్ చేస్తుందని నాకూ అప్పుడే తెలిసొచ్చింది. తాడు వదిలేసి చేతులు దులుపుకున్నాడు.

“మరి ఆ ఇంటర్వ్యూ ఫారం మార్చండి,” అన్నాను.

“పైకెళ్లిపోయిందండి. అయినా ఆ ఒక్కదానికేనేంటి ఆపింది?”

ఆ ఒక్కదానికే. మిగతావన్నీ సరైన జవాబులే. నా చేత్తో రాసినవే. పత్రికలో తప్పు పడితే మర్నాడు ఏదో మూలనైనా సవరణ వేసేవాళ్లం. తప్పు ఎవరికైనా వస్తుంది. తప్పని తెలిశాక కూడా దిద్దకపోవడానికి ఏ డిప్లొమా నేర్పింది? ఆ కాగితాన్ని వెనక్కి తెప్పించడానికి ఒక్క ఫోను చాలు. సూపర్‌వైజర్ చెయ్యలేదు.

బయటి నుంచి కొత్త ఆపరేటర్ వచ్చాడు. నెల తిరక్కుండానే బెల్టు పక్కకు జరగడం మొదలైంది. అతనికి అంతుపట్టలేదు. సూపర్‌వైజరే హెల్పర్‌కు కబురంపాడు. హెల్పర్ నడుము పట్టుకుని లేచాడు.

“నువ్వెందుకు పోతావు? ఆ పోస్టులో ఉన్నవాణ్ణి చూసుకోమను,” అన్నాను, మండిపోయి.

“పోకుంటే బస్తాలన్నీ కింద పడతాయి గదన్నా,” అన్నాడు స్పానర్ తీసుకుంటూ. “మళ్లా ఎత్తేది నేనే.”