నాలుగు డయోడ్లకు ఒకే అంచు

ఆ గదిలో ఉన్నవి: రేకుల కప్పు ఒకటి, పొడుగు బల్లలు రెండు, సోల్డరింగ్ ఐరన్లు ఆరు, నీళ్ళ కుండ ఒకటి. ఉన్నవాళ్ళు: సర్క్యూట్ బోర్డులు బిగించే ఆడవాళ్ళు ఆరుగురు, వాళ్ళమీద సూపర్‌వైజరుగా నేను. ఒక్క మాటతో నలభై ఎనిమిది బోర్డుల నోరు మూయించిన మహానుభావుడు వీళ్ళలో ఎవరో కనిపెట్టడానికి మీకు డిప్లొమా అక్కర్లేదు. అది నా దగ్గర ఉండేది.

ఎనభైల మొదట్లో సంగతి. ధర్మవరం శివార్లలో ఆ షెడ్డు. ట్రాన్సిస్టర్ రేడియోను బ్యాటరీలు లేకుండా ఇంటి కరెంటుతో పాడించే చిన్న పెట్టెలు చేసేవాళ్ళం. బోర్డు చిల్లుల్లో భాగాల కాళ్ళు దూర్చి, వెనక వేడి ఐరన్‌తో సీసం తీగ కరిగించి అతికించి, మిగిలిన కాళ్ళు కత్తిరించాలి. ఆరుగురిలో అయిదుగురు మగ్గాల ఇళ్ళవాళ్ళు. నేను సాంపిల్ బోర్డు ఒకటి బల్లమీద పెడితే చాలు, చీర నమూనా చూసినట్టు చూసి, పోగు తేడా లేకుండా దించేసేవాళ్ళు. ఇక నా అవసరం ఎంతో మీరే లెక్కకట్టుకోండి.

మా ఊరు గుత్తి అవతల. ఇక్కడ నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. రెండు నెలల్లో నాతో జరిగిన సంభాషణలు రెండు రకాలు: "సారూ, తీగ అయిపోయె." "సారూ, కరెంటు పోయె." మధ్యాహ్నం ఆరుగురూ గుండ్రంగా కూర్చుని, సంగటీ ఊరిబిండి పచ్చడీ పంచుకుంటూ, కప్పు రేకులు లేచిపోయేలా నవ్వేవాళ్ళు. నేను గుమ్మంలో అడుగు పెడితే ఆ నవ్వు ఫ్యూజు పోయినట్టు ఆగేది. హోటల్ ఉప్మా పొట్లం విప్పుకుని గోడవైపు తిరిగి తినేవాణ్ణి. గోడకు పగుళ్ళు పదకొండు. జీతం పెరగకపోయినా సరే, ఎవరో ఒకరు "రా అప్పా, కూర్చో" అంటే చాలనిపించేది.

అందుకని మాట కలపడానికి ఒక పాఠం తయారుచేసుకున్నాను. ఆ రోజు బోర్డుకు నాలుగు డయోడ్లు బిగించాలి. డయోడంటే నల్లటి గింజలాంటిది. రెండు కాళ్ళు, ఒక చివర తెల్ల గీత. కరెంటును ఒకవైపే పోనిస్తుంది. కనుక గీత ఎటు ఉందన్నదే ప్రాణం.

"ఈ గీతను చీర అంచు అనుకోండి," అన్నాను గొంతు సవరించుకుని.

అందరిలోకీ పెద్దదైన లక్ష్మీదేవక్క తలెత్తింది. "సారుకు చీరల సంగతి గూడా తెలుసునే!"

"ఎవురికి కొంటాండావప్పా?" అంది పక్కనున్న ఖైరున్.

ఆరుగురూ నవ్వారు. నేనుండగా! ఎండిన చెరువులో వాన పడ్డట్టయింది నాకు. ఆ ఊపులో, "అంచులన్నీ ఒకే వైపు ఉండాల. అదే రూలు!" అనేశాను.

లక్ష్మీదేవక్క సాంపిల్ బోర్డు చేతిలోకి తీసుకుంది. "ఏమప్పా, ఈడ రెండు పైకి ఉండాయి, రెండు కిందికి ఉండాయి కదా?"

బోర్డు అసలు డ్రాయింగు నా బల్ల సొరుగులో ఉంది. సొరుగు నాలుగడుగుల దూరం. కానీ అది తీసి చూస్తే నవ్వు ఆగిపోతుంది, మళ్ళీ సారునైపోతాను. "సాంపిలే తప్పక్కా," అని, అక్కడే రెండు డయోడ్లు పీకి తిప్పాను. సోల్డరింగ్ ఐరన్‌తో తల గోక్కోవడమంటే ఇదే.

"నువ్వే చేసింటివి కదప్పా?"

"మనిషన్నాక పొరబాటు ఉంటాది."

ఎంత వినయం! ఆ మధ్యాహ్నమే పిలుపు వచ్చింది: "ఆడేం చూస్తావు గోడని? రా అప్పా, కూర్చో." మూడు రోజులు వాళ్ళతో సంగటి తిన్నాను. ఇంటి కరెంటును రేడియోకు సరిపడా తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకా రాలేదు కనుక బోర్డులు పరీక్షించలేదు. డ్రాయింగు చూసే తీరిక మాత్రం ఎక్కడిది?

అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు పోయాడట. నేను శనివారం పదకొండింటికి పోయాను. ఓనరు ట్రాన్స్‌ఫార్మర్లతో, ఒక రేడియోతో దిగాడు. మొదటి బోర్డు తగిలించాం. నిశ్శబ్దం.

"యాడప్పా పాట?"

"కొంచెం వేడెక్కాల సార్."

"రేడియోనా, పొయ్యా?"

రెండోది, అయిదోది, ఇరవయ్యోది. ఒక్కటీ కిక్కురుమనలేదు. ఓనరు ఆడవాళ్ళవైపు తిరిగాడు. "ఎవురమ్మా ఇట్ల బిగించింది? కండ్లు కనపడవా మీకు?"

ఆరు తలలు వంగాయి. ఒక్కరూ నా పేరు చెప్పలేదు. అప్పుడు వెళ్ళి సొరుగు తీశాను. డ్రాయింగులో రెండు పైకి, రెండు కిందికి.

"నేనే చెప్పినా సార్. సాంపిల్ గూడా నేనే తిప్పినా."

"డిప్లొమా యాడిచ్చినారప్పా నీకు, సంతలోనా? నువ్వే పీకు, నువ్వే తిప్పు. వాళ్ళు చెయ్యి పెట్టేది లేదు."

ఓనరు వెళ్ళాక లక్ష్మీదేవక్క మెల్లగా అంది: "చూసి చెప్తే వినకపోతివి. మగ్గం ఇంట్లో పుట్టినోళ్ళకు అంచు తెలీదనిపిస్తివి కదప్పా."

ఓనరు తిట్లన్నీ కలిపినా దీని బరువు తూగవు.

ఆ పూటే నోటుబుక్కులో ప్రమాణం రాశాను. ఒకటి: మగ్గాల ఇంటి ఆడవాళ్ళకు ఈ జన్మలో అంచుల పాఠం చెప్పను. రెండు: నవ్వు కోసం రూలు పుట్టించను. మూడు: సొరుగు నాలుగడుగులే. సంతకం పెట్టి, తేదీ వేశాను.

మధ్యాహ్నం వాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. నేను ఐరన్ పట్టుకుని పీకుతూ ఉన్నాను. చెయ్యి కడుక్కోవడానికి లేచిన లక్ష్మీదేవక్క నా బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఎన్నయినాయి సారూ?"

"ముప్పై నాలుగు డయోడ్లక్కా."

"ఇంగా?"

"అరవై రెండు."