వాగు అవతల అక్క సంచి

ఇల్లందు దాటాక పాత బొగ్గుగనుల కాలనీలో మా అక్క ఒక్కతే ఉంటుంది. బావ గనిలో పనిచేసి రిటైరై, తర్వాత పోయాడు. పిల్లల్లేరు. చుట్టూ క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నా, హైదరాబాదు ఛత్రినాకలో మా ఇంటికి రమ్మంటే మూడేళ్లు మొండికేసింది. నాకూ ఇంట్లో ఎవరూ లేరు. శ్రావణంలో ఒకరోజు తనే ఫోన్ చేసింది.

"గురువారం మంచిగుందంట తమ్మీ. పొద్దుగూకక ముందే ఇల్లు దాటాలె. వచ్చి తీస్కపో."

రెండో మంచం కొని, కొత్త దుప్పటి పరిచి బయల్దేరాను. ఆ రాత్రికి ఇల్లందులో ఆగి, మర్నాడు ఖమ్మంలో ఎక్కేలా తిరుగు బస్సుకు రెండు సీట్లు కూడా ముందే రిజర్వు చేయించాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది నా సంబరం.

గురువారం తెల్లవారుజామున ఆటో ఎక్కేసరికే తుంపర మొదలైంది. "అటు దిక్కు మస్తు వానలంట భాయ్, జర చూస్కొని పో" అన్నాడు డ్రైవరు. ఇమ్లీబన్ బస్టాండులో ఐదున్నరకు ఖమ్మం బస్సు దొరికింది. కిటికీ పక్క సీటని మురిసిపోయాను గానీ దాని అద్దం మూసుకోదు. సూర్యాపేటలో ఇడ్లీకి ఆగేసరికి నా ఎడమ భుజం తడిసి ముద్దయింది.

ఖమ్మం చేరేసరికి పదకొండు. అటు వెళ్లదలచినవారు అక్కడే భోంచేయండి. నేను తొందరపడి అరటిపళ్లతో సరిపెట్టుకుని ఇల్లందు బస్సెక్కాను. వానలో దూరాన పచ్చటి గుట్టలు కనిపించాయి. అందంగా ఉన్నాయంటే పక్క సీటు పెద్దాయన నవ్వాడు. గనిలో పనిచేసి రిటైరైనాయనట.

"అవి గుట్టలు గావు బాపు. మేం తవ్వి పోసిన మట్టి. చెట్లు మొలిచినయ్, అంతే. ఇంతకీ ఎవలింటికి?"

కాలనీ పేరు చెప్పాను.

"ఆడ ఇంకెవలున్నరు? కోతులే ఉన్నయ్."

"మా అక్క ఉంది" అన్నాను. నా గొంతులో కాస్త కోపం వినిపించిందేమో, ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇల్లందులో ఆటో మాట్లాడుకుని వెళ్తే, కాలనీకి ముందున్న వాగు దగ్గర తాడు కట్టి ఉంది. చిన్న వంతెన కనబడటం లేదు. దాని మీదుగా ఎర్రటి నీళ్లు చెట్టుకొమ్మల్ని ఈడ్చుకుపోతున్నాయి. కాపలా ఉన్న కానిస్టేబులు చెయ్యి అడ్డంపెట్టాడు. "రెండు దినాలు ఇంతే పెద్దాయనా. వేరే తొవ్వ గూడ లేదు."

అవతలి గట్టు మీద గొడుగు పట్టుకుని అక్క నిలబడి ఉంది. పక్కన నీలం సంచి. నన్ను చూసి చెయ్యెత్తింది. అరిచినా వినబడని హోరు. ఫోన్ చేశాను.

"దేవుని కాడ దీపం పెట్టి, తాళమేసి వచ్చిన తమ్మీ. మల్ల ఎనక్కి ఎట్ల పోవాలె?"

అక్క సంగతి నాకు తెలుసు. ఆ సంచి మళ్లీ ఇంట్లోకి వెళ్లిందంటే ఇక బయటికి రాదు. మూడేళ్లుగా 'నీ మంచికే అక్కా' అంటూ వచ్చాను. ఆ నీళ్ల ముందు నిలబడ్డప్పుడు, ఆమె రావాల్సింది నా కోసమేనని తెలిసింది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఏం మాట్లాడవేంది?" అంది. "సంచి లోపలికి కొంటవోను. పక్కింటి మల్లమ్మ ఇంట్ల పస్తానం పెడ్త. నువ్వు వానల నిలవడకు, పో."

పస్తానమంటే మా ఇళ్లలో పాత ఆనవాయితీ. మంచి గడియలో ప్రయాణం సాగకపోతే, సంచిని పక్కింట్లో పెడతారు. మనిషి ఇంట్లోనే ఉన్నా ప్రయాణం మొదలైనట్టే లెక్క. అక్క సంచి నెత్తినెత్తుకుని, ఆ పాడుపడ్డ క్వార్టర్ల మధ్యకు మెల్లగా నడిచిపోయింది. గొడుగు కనబడినంత సేపూ చూశాను.

ఆ రాత్రి ఇల్లందు లాడ్జిలో దుప్పటి కూడా తడి వాసనే. తెల్లారి వాగు ఇంకా పెరిగిందన్నారు. ఖమ్మంలో రిజర్వు చేసిన బస్సే ఎక్కాను. "ఈ సీటు ఎవలిది?" అన్నాడు కండక్టరు.

"మా అక్కది. రాలేదు."

చంటిపిల్లతో నిలబడ్డ ఒకామెను అందులో కూర్చోబెట్టాడు. మంచిదే అయింది, లేకపోతే దారంతా ఆ ఖాళీని చూస్తూ రావలసి వచ్చేది. గనుల సీమ ఎట్లా ఉందని అడిగితే నేను చెప్పగలిగింది ఒక్కటే: మట్టిగుట్టల మీద చెట్లు పెరిగాయి, ఇళ్లలో మనుషులు తరిగిపోయారు.

సాయంత్రం ఛత్రినాకలో దిగి, మా ఇంటి తాళం తీయకుండా పక్కనున్న పాలవాళ్లింటికి వెళ్లి నా సంచి అరుగు మీద పెట్టాను. "మీ ఇల్లు ఈడనే ఉండె గదా కాకా, మా ఇంట్ల పెడ్తున్నవేంది?" అంది ఆ ఇంటి కోడలు.

"ఇంకా తొవ్వలనే ఉన్న బిడ్డా" అన్నాను.

ఇంట్లోకి వచ్చి, కొత్త దుప్పటి ఎదురుగా నా మంచం మీద కూర్చుని ఫోన్ చేశాను.

"అక్కా, సంచి ఏడుంది?"

"మల్లమ్మ ఇంట్లనే ఉన్నది. ఎందుకురా?"

"నాది గూడ పక్కింట్లనే ఉన్నది."