నిమ్మ మొదట్లో దిష్టి ఉప్పు

మా అమ్మాయి నాటిన నిమ్మ మొక్క ఆకులు కొన్నాళ్ళుగా అంచుల్లో మాడుతున్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా దాహంతో ఉన్నట్టే వాలిపోతోంది. గుణుపురం కాలేజీలో చదువుతూ పోయిన వానాకాలం మలేరియాతో కన్నుమూసింది నా పిల్ల. ఈ సాయంత్రం మొక్క మొదట్లో మట్టి గోకి చూస్తే ఉప్పుగళ్ళు కనిపించాయి.

నాకు పెద్ద చదువు లేదు గానీ నా పిల్ల చెప్పింది గుర్తుంది. నేలలో ఉప్పు ఎక్కువైతే ముందు వేళ్ళలోని కణాలు పసిగట్టి పైకి కబురు పంపుతాయట. ఆకులు తమ సన్నని నోళ్ళు మూసుకుని, ఉన్న నీటిని దాచుకుంటాయట. చుట్టూ తడి ఉన్నా వేరు తాగలేకపోతుందట.

అంతలో మా పెద్ద తోడికోడలు మనవడికి దిష్టి తీసి, గుప్పెట్లో ఉప్పుతో అక్కడికే వచ్చింది.

"అప్పా, ఇక్కడేస్తన్నావేటి?" అన్నాను.

"ఎవులూ తొక్కని సోటే కదే. పోయిన పిల్ల మొక్క, దానికింక ఏటవుద్ది?"

"అయితే నీ తులసికోటలో ఎయ్యి. అదీ ఎవులూ తొక్కరు."

"అమ్మో, తులసి సచ్చిపోదా!"

అంటే తెలుసు. తెలిసే వేస్తోంది. ఆ గుప్పెడూ నా కళ్ళ ముందే నిమ్మ మొదట్లో వేసి, చెయ్యి దులుపుకుని వెళ్ళింది.

ఉప్పు మట్టి ఎత్తిపోసి, బిందెలతో నీళ్ళు పోసి వచ్చి ఇది రాస్తున్నాను. మీ ఇళ్ళల్లో దిష్టి ఉప్పు ఎక్కడ వేస్తారో చెప్పండి. ఆవిడకి చదివి వినిపిస్తాను.